కాలువగట్టుమీద ఎనిమిది దినముల నడక

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)

 

భారతమున అరణ్యపర్వములో పాండవుల తీర్థయాత్ర ఎంత విస్తారముగ చెప్పబడినదో చదివినవారెఱుగుదురు. నడచి చూచినవాని కన్నును, విని నమ్మినవాని చెవియును ఒకటి కావని ఆ కథ విన్నవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. నేటి ప్రసంగమునకు విషయమైన నడక పుణ్యమునకై చేసినది కాదు. ఒక వార్తాపత్రికతో వచ్చిన వాదమును తేల్చుకొనుటకై చేసినది. అది 1954వ సంవత్సరము మార్చి నెలలో, అమెరికా దేశమున, పొటోమాక్ నది యొడ్డున జరిగినది. వాది ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానమున కూర్చుండు న్యాయమూర్తి. ప్రతివాదులు పత్రికా సంపాదకులు ఇరువురు. సాక్షి ఒక పాడుపడిన కాలువ. సాక్షి తానై న్యాయస్థానమునకు రాజాలదు గనుక, వాది ప్రతివాదులే సాక్షి కడకు పోవలసివచ్చినది.

ముందుగ కాలువ సంగతి. అమెరికా రాజధానియగు వాషింగ్టను నగరము పొటోమాక్ నదిపై నున్నది. ఆ నదిని పట్టుకొని పడమటి కొండలు దాటి ఒహాయో నదిని చేరినచో, లోపలి దేశపు ధాన్యము, కలప, బొగ్గు సముద్రమునకు దిగివచ్చునని ఆ దేశపు తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టను తలంచెను. 1785లో అందులకై ఒక కంపెనీ ఏర్పడినది. రాళ్లతో నిండిన ఆ నదిని సరిచేయుట పూర్తిగ సాధ్యపడలేదు. పిమ్మట నది ప్రక్కనే కాలువ త్రవ్వుట మేలని తోచి, 'చెసపీక్ అండ్ ఒహాయో' కాలువ కంపెనీ పుట్టినది. 1828వ సంవత్సరము జూలై 4వ తేదీన అధ్యక్షుడు జాన్ క్విన్సీ ఆడమ్సు తొలి గడ్డ పెకలించుటకు పార దింపగా అది వేరునకు తగిలి దిగలేదు. ఆయన పలుమార్లు ప్రయత్నించి, తుదకు కోటు విప్పి ప్రక్కన పెట్టి మఱల పార పట్టగా, చూచుచున్న జనము హర్షధ్వానములు చేసిరి. శకునములు చూచువారుండినచో ఆనాడే పని మానిపించి యుందురు.

ఎందుకనగా, సరిగ్గా ఆ దినముననే, కొలది మైళ్ల దూరములోని బాల్టిమోరు నగరమున, తొంబది యేండ్ల వృద్ధుడు ఛార్లెసు కారోలు మఱియొక శంకుస్థాపన చేసెను. అది 'బాల్టిమోర్ అండ్ ఒహాయో' రైలుమార్గమునకు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై చేవ్రాలు చేసినవారిలో నాటికి మిగిలియున్నవాడు ఆయన యొక్కడే. కాలువకును రైలుకును గమ్యమొక్కటే, ఒహాయో నది. ఒక్క ముహూర్తమున పుట్టిన ఆ యిరువురు దాయాదులకు వెంటనే హద్దు తగాదా వచ్చినది. పాయింట్ ఆఫ్ రాక్సు అనుచోట కొండ నదిమీదికి ఒరిగి, నడుమ సన్నని నేలపట్టీ మాత్రము మిగిలియున్నది. ఆ పట్టీ ఎవరిది? రైలువారు ముందుగ భూస్వాములతో ఒడంబడికలు వ్రాయించుకొనిరి. కాలువవారు, పూర్వపు నదీ కంపెనీ హక్కులు తమకు సంక్రమించినవనిరి. నాలుగేండ్లు పనులు నిలిచి, వ్యాజ్యము నడచి, 1832లో మేరీలాండు రాష్ట్ర న్యాయస్థానము కాలువకు ముందుహక్కు కలదని తీర్పు చెప్పినది. గెలిచినవారు ఓడినవారికి తరువాత దారి విడువక తప్పలేదు. ఉభయులును రాజీపడి ప్రక్కప్రక్కనే సాగిరి. దస్తావేజులో గెలుచుటయు, లోకములో గెలుచుటయు వేఱని పొలముగట్టు తగవులు చూచినవారందఱకు తెలిసినదే. రైలు 1842లో కంబర్లాండు పట్టణము చేరినది. కాలువ అచ్చటికి చేరునప్పటికి 1850. ఒహాయో నది ఇంకను కొండలకావల నుండగనే డబ్బు అయిపోయి, కాలువ అచ్చటనే ఆగినది.

అయినను అది చిన్న పని కాదు. జార్జిటౌను నుండి కంబర్లాండు వఱకు 184½ మైళ్లు, అనగా దాదాపు 297 కిలోమీటర్లు. విజయవాడ నుండి హైదరాబాదునకు గల దారికంటె కొంత యెక్కువ. ఆ దూరములో నీటిమట్టము 605 అడుగులు పైకెక్కవలెను. అందులకు 74 లాకులు కట్టిరి. లాకు అననేమో గోదావరి, కృష్ణా కాలువల ప్రక్కన పుట్టినవారికి చెప్పనవసరము లేదు: పడవ లోనికి రాగానే వెనుక తలుపులు మూసి, ముందు నీరు వదలి, పడవను పై మట్టమునకు లేపి పంపుట. ఉపనదులు అడ్డువచ్చినచోట్ల గన్నవరములో వలె కాలువనే వంతెనపై దాటించిరి. అట్టివి పదునొకండు. వానిలో మొనాకసీ నదిపై ఏడు కమానుల రాతికట్టడము నేటికిని నిలిచి యున్నది. పా పా అనుచోట నది మెలికలు తిరుగుటచే, ఐదాఱు మైళ్లు కలిసివచ్చునని కొండను తొలిచి 3,118 అడుగుల సొరంగము చేసిరి. రెండేండ్లలో పూర్తి కావలసిన ఆ సొరంగము 1836లో మొదలై, నడుమ ఆగి, 1850కి గాని ముగియలేదు. లోపల పేర్చిన ఇటుకలు సుమారు 60 లక్షలు. పనివారిలో ఐర్లండునుండి వచ్చిన బీదలు పెక్కుమంది. 1832లో కలరా సోకి వారిలో ఎందఱో కాలువగట్టుననే ప్రాణములు విడిచిరి. వారి పేర్లు ఏ రాతిమీదను లేవు.

పడవలను కంచరగాడిదలు లాగెడివి. పండ్రెండడుగుల గట్టు వాని బాట. ఒక జత లాగుచుండగా మఱియొక జత పడవలోనే కొట్టమున విశ్రమించెడిది. తొంబది అడుగుల పడవలో నూటయిరువది టన్నుల వఱకు బొగ్గు పట్టెడిది. పడవవాని భార్యయు బిడ్డలును అందులోనే కాపురము. పిల్లలు కంచరగాడిదల వెంట గట్టున నడచుచు పెరిగినవారే. మన డెల్టాలో గాలి లేనప్పుడు మనుష్యులే తాడు భుజమున వేసికొని గట్టున నడచి పడవ లాగిన దృశ్యము వృద్ధులకు జ్ఞాపకముండును. కంచరగాడిదలకు దక్కిన విశ్రాంతి వారికి దక్కెనో లేదో!

కాలువా, రైలా అను ఈ వాదము మనదేశమునకు కొత్తది కాదు. ధవళేశ్వరమున ఆనకట్ట కట్టిన సర్ ఆర్థరు కాటను జీవితాంతము కాలువ పక్షమువాడు. రైళ్లకు పోయు ధనములో కొంత పడవ కాలువలకు వెచ్చించినచో, తక్కువ కూలికి సరకు సాగుటయే కాక పొలములకు నీరును దొరకి కరవు తొలగునని ఆయన 1878లో ఇంగ్లండు పార్లమెంటు సంఘము ముందు వాదించెను. ఆయన మాట అచ్చట చెల్లలేదు. ఇచ్చటి కాలువలు మాత్రము పైరులకు నీరిచ్చుచు బ్రతికిపోయినవి. పొటోమాక్ కాలువకు ఆ రెండవ వృత్తి లేదు. గ్రంథాలయ సభలో ఇంకొక మాట కూడ చెప్పకుండుట న్యాయము కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పెదపాలెము కేంద్రముగ కృష్ణా కాలువ పడవలలో గ్రంథాలయము నడచినది. ప్రయాణికులు పడవ నెమ్మదిగ సాగునంతసేపు పుస్తకము చదువుకొని, దిగునప్పుడు ఇచ్చి పోయెడివారు. ఆ పడవలు వేగముగ పోయి యుండినచో ఎంతమంది ఎన్ని పుటలు చదివి యుందురు? వేగము లేకుండుట కొన్నిచోట్ల లాభమే.

అచ్చట కాలువ కథ ముగింపునకు వచ్చినది. 1889 వరద గట్లను తెంచి కంపెనీని దివాలా తీయించినది. పిమ్మట దాని పెత్తనము పూర్వపు దాయాది యగు రైలు కంపెనీ చేతికే పోయెను. 1924లో మఱల వరద వచ్చినది. తెగిన గట్లు మఱి పూడ్చలేదు. 1938లో రైలు కంపెనీ ఆ కాలువను 20 లక్షల డాలర్లకు ప్రభుత్వమునకు అమ్మినది. రాజధాని ప్రక్కనున్న 22 మైళ్లు బాగుచేసిరి. తక్కినది అడవి పాలయినది. నీరుండిన చోట చెట్లు మొలచినవి. లాకుల రాతిగోడలపై నాచు పట్టినది. నక్కలు, జింకలు, నీటిపక్షులు కాపురమునకు వచ్చినవి.

మోటారు బండ్లు పెరుగుచున్న కాలమది. ఆ కాలువ వెంబడి సుందరమైన రోడ్డు వేసినచో నగరవాసులు బండిలో కూర్చుండియే నదీశోభ చూడవచ్చునని 1950లో ప్రభుత్వ నివేదిక యొకటి వెలువడినది. ఈ యోచన దుర్మార్గమని తోసివేయరాదు. పడమటి మేరీలాండు కొండపట్టులు బీదవి. రోడ్డు వచ్చిన జనము వత్తురని, బేరము సాగునని అచ్చటివారు ఆశపడిరి. ముసలివారును, కుంటివారును, పసిబిడ్డల తల్లులును బండిలోనే గదా నదిని చూడగలరని అడిగినవారికి సమాధానము సులభము కాదు. 1954 జనవరి 3వ తేదీన 'వాషింగ్టన్ పోస్టు' పత్రిక సంపాదకీయమున ఆ రోడ్డును సమర్థించినది.

ఆ సంపాదకీయము చదివినవారిలో న్యాయమూర్తి విలియం ఓ. డగ్లసు ఒకడు. ఆయన 1898లో పుట్టెను. బాల్యమున జబ్బుచే కాళ్లు చచ్చుబడి, వాషింగ్టను రాష్ట్రములోని యాకిమా కొండలెక్కి దిగి వానికి బలము తెచ్చుకొంటినని తానే వ్రాసికొనెను. 1939లో, నలువది యేండ్ల వయస్సున, సర్వోన్నత న్యాయస్థానమున పదవి వహించెను. 1949లో గుఱ్ఱము మీదపడి ప్రక్కటెముకలు విఱిగినవి. అవి అతుకుకొనగనే ఆయన మఱల తిరుగుటకు బయలుదేరి, భారతదేశమునకు వచ్చి, హిమాలయ ప్రాంతములు చూచి పుస్తకములు వ్రాసెను. వాషింగ్టనులో నున్నపుడు కాలువగట్టు ఆయన నిత్యపు నడకదారి. పత్రికకు ఆయన వ్రాసిన జాబు జనవరి 19వ తేదీన అచ్చయినది. ఆ గట్టు నగరపు పెరటి గుమ్మముననే దొరకిన ఏకాంతస్థలమనియు, బండి చప్పుడు వచ్చినచో అది నశించుననియు చెప్పి, ఆ సంపాదకీయము వ్రాసినవారు తనతో కూడ ఆసాంతము నడచి చూచి పిమ్మట వ్రాయవలెనని ఆహ్వానించెను.

ఇచ్చట పత్రికవారి పెద్దతనము మెచ్చుకొనదగినది. న్యాయమూర్తిని పరిహసించి యూరకుండవచ్చును. జాబును అచ్చువేయకయే యుండవచ్చును. సంపాదకీయపుట అధిపతి రాబర్టు ఎస్టబ్రూకును, సంపాదకవర్గములోని మెర్లో ప్యూసీయును రెండు దినములలోనే సరే వత్తుమనిరి. ప్యూసీ సామాన్యుడు కాడు. పూర్వపు ప్రధాన న్యాయమూర్తి హ్యూసు జీవితచరిత్రకు పులిట్జరు బహుమానము పొందినవాడు. న్యాయమూర్తుల మొండితనము ఎట్లుండునో ఆయనకు ముందే తెలిసియుండును. ఈ వార్త వెలువడగనే ప్రకృతి శాస్త్రజ్ఞులు, నడక సంఘములవారు, అరణ్యరక్షణకు పాటుపడువారు మేమును వత్తుమని ముందుకు వచ్చిరి. వారిలో దుప్పుల జీవితమును పరిశోధించిన ఓలాస్ మ్యూరీ, సరస్సుల దేశమునుగూర్చి వ్రాసిన సిగర్డు ఓల్సను మొదలగు ప్రఖ్యాతులుండిరి.

కంబర్లాండు చేరుటకు వారందఱు ఎక్కినది రైలే! కాలువను మ్రింగిన రైలుబండియే కాలువను కాపాడువారిని మోసికొనిపోయినది. మార్చి 20వ తేదీ శనివారము నడక మొదలయినది. వసంతము పేరునకు వచ్చినదే గాని చలి విడువలేదు. గట్టు కొన్నిచోట్ల తెగి, కొన్నిచోట్ల బురదయై, కొన్నిచోట్ల పొదలతో మూసికొని యున్నది. దినమునకు ఇంచుమించు 23 మైళ్ల లెక్క. మూటలు బండ్లలో ముందుకు పోయెడివి. భోజనము నడక సంఘములవారు సమకూర్చిరి. రాత్రులు దారిలోని వేటగాండ్ర క్లబ్బులు మొదలగుచోట్ల బస. ఏ దినమున ఏమి జరిగినదో దానినిబట్టి పరిహాసముగ పాటకట్టి, చరణమునకు చరణము చేర్చుచు పాడుకొనిరి.

న్యాయమూర్తి వయస్సు అప్పటికి 55. ఆయన అందఱికంటె ముందు, పెద్ద అంగలతో పోవుచుండగా, పడుచువారు సైతము వెనుకబడిరి. సంపాదకుల పాదములు బొబ్బలెక్కినవి. కుర్చీలో కూర్చుండి రోడ్డు వేయుట సులభమని అప్పుడు వారికి తోచెనేమో! వారు కొంత నడచి, కొంత మాని, మఱల కలిసికొనుచు వచ్చిరి. అందులో సిగ్గుపడవలసినది లేదు. నడక పోటీ కాదు. చూడవలసినది చూచుటకే వచ్చిరి. దారిలో వారు చూచిన దేశము చరిత్రతో నిండియున్నది. షెనాండోవా నది పొటోమాక్‌లో కలియు హార్పర్సు ఫెర్రీ కడ 1859లో జాన్ బ్రౌను బానిసల విముక్తికై ఆయుధశాలను పట్టుకొనెను. దానికి దిగువ కొంతదూరము నది, కాలువ, రైలు ఒండొంటిని ఒరసికొని పోవును. పూర్వము నాలుగేండ్లు వ్యాజ్యమాడిన నేలపట్టీ యదియే. ఒక ప్రక్క రైలుబండ్లు పోవుచుండగా, రెండవప్రక్క పడవలు లేని గట్టున ఆ గుంపు నడచిపోయినది.

మొత్తముమీద ఏదో యొక భాగము నడచినవారు 58 మంది. మొదటినుండి తుదివఱకు కాలు ఎత్తక నడచినవారు తొమ్మండుగురు మాత్రమే. న్యాయమూర్తి వారిలో నొకడు. 65 ఏండ్లు నిండిన ఓలాస్ మ్యూరీ మఱియొకడు. ఇట్టి లెక్కలలో తెల్లవెండ్రుకలు తక్కువ వేయరాదు. మార్చి 27వ తేదీన జార్జిటౌను చేరుచుండగా, చివరి మైళ్లలో కంచరగాడిదలు లాగెడి పడవ ఎదురువచ్చినది. గట్టుకిరువైపుల జనము క్రిక్కిఱిసి నిలిచి స్వాగతమిచ్చిరి. దేశాంతర్భాగ వ్యవహారముల మంత్రి డగ్లసు మకే స్వయముగ వచ్చి వారిని కలిసికొనెను. రోడ్డు వేయవలెనన్నను మానవలెనన్నను ఆ శాఖవారే గదా!

కొలది దినములకు పత్రిక తన మనస్సు కొంతవఱకు మారినదని సంపాదకీయముననే వ్రాసినది. కాలువపైనే ఆసాంతము రోడ్డు వేయవలెనను మాట విడిచినది. రోడ్డు అక్కఱయే లేదని ఒప్పుకొనలేదు. కావలసినచోట కాలువను విడిచి వేఱుదారిన పోవచ్చుననినది. మనస్సు సగము మారినదని సగమే వ్రాయుట నిజాయితీ. చూడకముందు ఒకటి వ్రాసి, చూచినపిమ్మట మఱియొకటి అదే పుటలో వ్రాయుటకు ఎంత గుండెనిబ్బరము కావలెనో, తీర్మానపుస్తకములో ఒకసారి చేవ్రాలు చేసినవారు ఊహింపగలరు.

నడచినవారు ఇంటికిపోయి మఱచిపోలేదు. సంఘముగ ఏర్పడి, పట్టుపట్టి, ఏండ్లకొలది జాబులు వ్రాయుచునే యుండిరి. ఆ సంఘమే 1957లో కాలువ సమాజముగ స్థిరపడినది. క్రమముగ రోడ్డు ప్రయత్నము విరమింపబడినది. శాసనసభలో బిల్లులు వచ్చి వచ్చి మురిగిపోవుచుండగా, అధ్యక్షుడు ఐసన్‌హోవరు పదవి దిగుటకు రెండు దినములముందు, 1961 జనవరి 18న, కాలువ పైభాగమును జాతీయ స్మారకచిహ్నముగ ప్రకటించెను. 1971 జనవరి 8న అధ్యక్షుడు నిక్సను చేవ్రాలుతో కాలువ యంతయు జాతీయ చారిత్రకోద్యానమైనది. దాని విస్తీర్ణము సుమారు 20,000 ఎకరములు. ఈ ఎకరములలో కొన్ని తరతరములుగ రైతుల చేతులలోను, నదీతీరమున చిన్న యిండ్లు కట్టుకొన్నవారి చేతులలోను ఉండినవి. నష్టపరిహారము ముట్టినను, పట్టా పోయినవాని బాధ లెక్కలో వేయుటకు పద్దు లేదు. ఉద్యానపు ప్రశంసలో ఆ మాట సామాన్యముగ వినబడదు గనుక ఇచ్చట చెప్పవలసివచ్చినది.

డగ్లసు 36 ఏండ్లకు పైగ న్యాయపీఠమున నుండెను. ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానమున అంతకాలము కూర్చుండినవారు వేఱొకరు లేరు. 1974 డిసెంబరు 31న ఆయనకు పక్షవాతము వచ్చినది. కొండలెక్కి సంపాదించుకొన్న కాళ్లు మఱల పోయినవి. మఱుసటి యేడు పదవి విడిచెను. 1977లో ఆ యుద్యానమును ఆయన పేర అంకితము చేసిరి. 1980 జనవరి 19న ఆయన కన్నుమూసెను. కాలువను గూర్చి జాబు అచ్చయిన దినమే. నడుమ 26 ఏండ్లు.

ఇక రైలు మాట. కాలువను ఓడించిన మార్గమున నేటికిని బండ్లు నడచుచున్నవి. దానితో పోటీకై అదే లోయలో వచ్చిన వెస్టరన్ మేరీలాండు రైలునకు మాత్రము ఆయువు చాలలేదు. కంబర్లాండు నుండి పడమటికి కొండలు దాటిపోయెడి దాని మార్గమున 1975లో బండ్లు నిలిచిపోయినవి. పట్టాలు తీసివేసినపిమ్మట ఆ కట్టయు, వంతెనలును, సొరంగములును యూరకే పడియుండగా, చుట్టుపట్ల గ్రామములవారును నడక సంఘములవారును పూనుకొని, ఇట్లు విడువబడిన రైలుమార్గములను ముక్కముక్కగ కలుపుచు కాలిబాటగ మార్చిరి. 150 మైళ్ల ఆ బాట పిట్స్‌బర్గు నగరము వఱకు 2013లో పూర్తియైనది. బిగ్ సావేజ్ అను కొండక్రింద 3,294 అడుగుల సొరంగములో, బొగ్గుబండ్లు పోయినచోటనే, నేడు జనము నడచియు సైకిళ్లమీదను పోవుచున్నారు. ఆవిరియంత్రము నిట్రముగ ఎక్కలేదు గనుక రైలుకట్ట వాలు మిక్కిలి తక్కువ. పెద్దవారును పిల్లలును ఆయాసపడక కొండ దాటగలరు. బండి లేనిదే వృద్ధులు నదిని చూడలేరన్న పూర్వపు ప్రశ్నకు కొంత సమాధానము అచ్చట దొరకినది.

ఆ రైలుబాట ముగియునది కంబర్లాండులో. కాలువగట్టు మొదలగునదియు అచ్చటనే. ఒహాయో నదిని చేరవలెనని 1828లో బయలుదేరి, ధనము చాలక 1850లో సగము దారిలో ఆగిన ఆ కాలువ, నూట అఱువది మూడేండ్ల పిమ్మట, పట్టాలు పోయిన రైలుకట్టను ఆసరా చేసికొని, పాదచారులతో పిట్స్‌బర్గు చేరినది.